కొత్త కారు కొంటున్నారా? ప్రకటనలోని ధరకూ, చెల్లించే ధరకూ మధ్య ఉండేది ఏమిటి?

కారు ప్రకటనలో కనిపించే ధర ఒకటి. తాళంచెవి చేతికి వచ్చేనాటికి కొనుగోలుదారు చెల్లించే మొత్తం మరొకటి. మొదటిదాన్ని ఎక్స్-షోరూమ్ ధర అంటారు. రెండోది ఆన్-రోడ్ ధర. ఈ రెండింటి మధ్య తేడా చాలా సందర్భాల్లో లక్ష రూపాయలు దాటుతుంది.

ఆ తేడాలో కొంత ప్రభుత్వానికి చేరే పన్ను. కొంత చట్టం తప్పనిసరి చేసిన బీమా. మిగిలినది మాత్రం డీలరు అమ్మదలచినదే తప్ప, కొనుగోలుదారు తప్పక కొనవలసినది కాదు. అయితే షోరూమ్‌లో ఇచ్చే ధరల పత్రంలో ఇవన్నీ ఒకదాని కింద ఒకటిగా, ఒకే కూడికగా కనిపిస్తాయి. ఏది కట్టక తప్పదో, ఏది వద్దనవచ్చో ఆ కాగితం చెప్పదు.

మధ్యతరగతి కుటుంబానికి సొంత ఇంటి తర్వాత అతిపెద్ద కొనుగోలు సాధారణంగా కారే. కొన్నేళ్ల పొదుపు, మరికొన్నేళ్ల వాయిదాలు అందులో ఇమిడి ఉంటాయి. అందుకే బేరం ఎక్కడ ఆడాలో తెలియాలంటే, ముందుగా ఆ కాగితాన్ని చదవడం తెలియాలి.

తప్పనిసరి పద్దులు ఏవి?

ఎక్స్-షోరూమ్ ధరలోనే జీఎస్టీ కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లపై ఈ పన్ను 18 శాతం. నాలుగు మీటర్లకు మించని పొడవు, పెట్రోలు అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించని ఇంజిన్ ఉన్నవి ఈ కోవలోకి వస్తాయి. అంతకన్నా పెద్ద కార్లపై 40 శాతం, విద్యుత్ కార్లపై 5 శాతం జీఎస్టీ ఉంది. దీన్ని డీలరు పెంచలేరు, తగ్గించలేరు.

దీనికి రాష్ట్ర ప్రభుత్వం విధించే జీవితకాల పన్ను, రిజిస్ట్రేషన్ రుసుములు తోడవుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జీవితకాల పన్ను కారు ధరను బట్టి శ్లాబులుగా ఉంటుంది. ధర పెరిగేకొద్దీ పన్ను శాతం కూడా పెరుగుతుంది. తెలంగాణలో రిజిస్టరయ్యే విద్యుత్ కార్లకు 2026 డిసెంబర్ 31 వరకు ఈ పన్ను నుంచి మినహాయింపు ప్రకటించారు.

కారు ధర రూ.10 లక్షలు దాటితే మొత్తం విలువపై ఒక శాతం టీసీఎస్ కూడా వసూలు చేస్తారు. ఇది ఖర్చు కాదు, ముందుగా కట్టిన ఆదాయపన్ను. రిటర్ను దాఖలు చేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వాపసు పొందవచ్చు. ఇందుకోసం బిల్లుపై పాన్ నంబరు సరిగా ఉందో లేదో చూసుకోవాలి.

శ్లాబుల సంగతి తెలియకపోతే వేరియంటు ఎంపికలోనే నష్టం జరగవచ్చు. ఉదాహరణకు ఒక వేరియంటు ధర రూ.9.90 లక్షలు, దానిపై వేరియంటు ధర రూ.10.30 లక్షలు అనుకుందాం. రూ.10 లక్షల వద్ద జీవితకాల పన్ను 14 శాతం నుంచి 17 శాతానికి మారుతుందనుకుంటే, మొదటిదానిపై పన్ను రూ.1,38,600, రెండోదానిపై రూ.1,75,100 అవుతుంది. రెండోదానికి రూ.10,300 టీసీఎస్ కూడా పడుతుంది. “కేవలం నలభై వేలే తేడా” అని చెప్పిన వేరియంటుకు కొనుగోలుదారు అప్పటికప్పుడు అదనంగా కట్టవలసింది రూ.86,800. అందువల్ల రెండు వేరియంట్లను పోల్చేటప్పుడు ఎక్స్-షోరూమ్ ధరలను కాక, ఆన్-రోడ్ ధరలనే పోల్చాలి.

డీలరుకు ఆదాయం ఎక్కడ?

కారు అమ్మకంపై డీలరుకు మిగిలే లాభం చాలామంది ఊహించే దానికన్నా తక్కువ. ఎక్స్-షోరూమ్ ధరను నిర్ణయించేది తయారీ సంస్థ. అందులో డీలరు వాటా పరిమితం. బీమాపై వచ్చే ప్రతిఫలం, రుణం ఇప్పించినందుకు బ్యాంకులు ఇచ్చే కమీషన్, యాక్సెసరీలు, పొడిగించిన వారంటీ, తర్వాతి సర్వీసింగ్ డీలరుకు ముఖ్యమైన ఆదాయ మార్గాలు. సేల్స్ ఉద్యోగి ప్రోత్సాహకం కూడా తరచుగా వీటితోనే ముడిపడి ఉంటుంది. నెలవారీ లక్ష్యాల ఒత్తిడి అతనిపైనా ఉంటుంది.

“ఈ ఆఫర్ ఈ సాయంత్రం వరకే”, “ఈ రంగులో ఇదొక్కటే ఉంది”, “ఇన్సూరెన్స్ మా దగ్గరే తీసుకోవాలి సార్” వంటి మాటలు ఈ నేపథ్యంలోనే వినిపిస్తాయి. వాటిలో కొన్ని నిజం కావచ్చు. నిజమైనవైతే వాటిని కాగితంపై రాసి ఇవ్వడానికి షోరూమ్‌కు అభ్యంతరం ఉండకూడదు. రాసి ఇవ్వని తగ్గింపును లెక్కలోకి తీసుకోకపోవడమే మేలు.

ధరలో తగ్గింపు ఇచ్చి, దాన్ని బీమాలోనో యాక్సెసరీల్లోనో తిరిగి రాబట్టుకోవడం కూడా కష్టమైన పని కాదు. అందుకే ఇద్దరు ముగ్గురు డీలర్ల వద్ద ఒకే వేరియంటుకు పద్దులవారీగా ధరల పత్రం తీసుకుని, ఒక్కో వరుసను పోల్చి చూడాలి. చివరి మొత్తం ఒకేలా ఉన్నా, లోపలి పద్దులు వేరుగా ఉండవచ్చు.

బీమా: ఎంపిక కొనుగోలుదారుదే

కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2018 సెప్టెంబర్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. సొంత కారుకు జరిగే నష్టానికి వర్తించే బీమాను ఏడాదికి తీసుకుంటే సరిపోతుంది. అయితే ఈ పాలసీని ఏ సంస్థ నుంచి, ఎవరి ద్వారా తీసుకోవాలన్నది కొనుగోలుదారు ఇష్టం. బయట బీమా తీసుకుంటే కారు వారంటీ పోతుందన్న మాటలో నిజం లేదు. ఈ రెంటికీ సంబంధం లేదు.

ప్రీమియాన్ని పోల్చేటప్పుడు రెండు పాలసీల్లోనూ ఐడీవీ, అంటే బీమా చేసిన విలువ ఒకటేనా, అదనపు రక్షణలు ఒకటేనా అన్నది చూడాలి. ఐడీవీ తగ్గించి చౌకగా చూపే పాలసీ, కారు పూర్తిగా దెబ్బతిన్నప్పుడు లేదా దొంగతనానికి గురైనప్పుడు తక్కువ పరిహారమే ఇస్తుంది. పాలసీ ఇచ్చే సంస్థకు దగ్గరలోని అధీకృత వర్క్‌షాపుతో నగదురహిత మరమ్మతు ఒప్పందం ఉందో లేదో కూడా అడిగి తెలుసుకోవాలి.

అదనపు రక్షణలన్నీ అనవసరమైనవి కావు. నీటిలో మునిగిన కారును స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ దెబ్బతింటే, సాధారణ పాలసీ కింద ఆ నష్టానికి పరిహారం రావడం కష్టం. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. ఇటువంటి ప్రాంతాల్లో ఉండేవారికి ఇంజిన్ రక్షణ కవరు ఆలోచించదగినది. మరోవైపు, ఇప్పటికే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్న యజమాని అదే రక్షణను మళ్లీ కొనవలసిన అవసరం లేదు.

పాత కారుపై క్లెయిములు లేకుండా సంపాదించిన నో క్లెయిమ్ బోనస్ కారుకు కాదు, యజమానికి చెందుతుంది. అది గరిష్ఠంగా 50 శాతం వరకు ఉంటుంది. సొంత నష్టం ప్రీమియంలో ఈ తగ్గింపును కొత్త కారుకు బదిలీ చేసుకోవచ్చు. ఈ సంగతి షోరూమ్‌లో చెప్పకపోతే కొనుగోలుదారే అడగాలి.

హ్యాండ్లింగ్ చార్జీలు, యాక్సెసరీలు

ధరల పత్రంలో హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్, ఇన్సిడెంటల్ వంటి పేర్లతో కొన్ని వేల రూపాయల పద్దు కనిపిస్తే అది ఏ సేవకోసమో అడగాలి. ఇది ప్రభుత్వ రుసుము కాదు. కారును షోరూమ్ వరకు చేర్చే ఖర్చు సాధారణంగా ఎక్స్-షోరూమ్ ధరలోనే ఉంటుంది. ఇటువంటి చార్జీలు వసూలు చేయరాదని పలు రాష్ట్రాల రవాణాశాఖలు డీలర్లను హెచ్చరించిన సందర్భాలు ఉన్నాయి. మర్యాదగానే, కానీ గట్టిగా అడిగితే ఈ పద్దు తొలగే అవకాశం ఎక్కువ.

మ్యాట్లు, సీటు కవర్లు, మడ్ ఫ్లాప్‌లు కలిపిన “ఎసెన్షియల్ కిట్” పేరు ఎలా ఉన్నా అది ఐచ్ఛికమే. టెఫ్లాన్ కోటింగ్, కారు అడుగున వేసే తుప్పు నిరోధక కోటింగ్ కూడా అంతే. పొడిగించిన వారంటీ ఉపయోగకరమే కానీ, అది తయారీ సంస్థ ఇస్తున్నదా, వేరే సంస్థ ఇస్తున్నదా అన్నది చూడాలి. చాలా కంపెనీల్లో దీన్ని మొదటి వారంటీ ముగిసేలోగా ఎప్పుడైనా కొనవచ్చు. కొన్న రోజే నిర్ణయించుకోవాలన్న తొందర లేదు.

వాయిదా తక్కువైతే ఖర్చు తక్కువా?

“నెలకు ఎంత కట్టగలరు?” అన్నది షోరూమ్‌లో తరచుగా వినిపించే ప్రశ్న. సంభాషణ ఒకసారి ఈఎంఐ మీదికి మళ్లితే, అసలు ధర మరుగున పడుతుంది.

రూ.8 లక్షల రుణాన్ని 9 శాతం వడ్డీతో అయిదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ.16,600 ఉంటుంది. మొత్తం వడ్డీ దాదాపు రూ.1.96 లక్షలు. అదే రుణాన్ని ఏడేళ్లకు పొడిగిస్తే ఈఎంఐ సుమారు రూ.12,900కు దిగుతుంది. కానీ మొత్తం వడ్డీ దాదాపు రూ.2.81 లక్షలకు చేరుతుంది. నెలకు రూ.3,700 వెసులుబాటు కోసం కొనుగోలుదారు రూ.85 వేలు అదనంగా చెల్లిస్తున్నట్టు.

వడ్డీ రేటు ఫ్లాట్ పద్ధతిలో చెబుతున్నారా, తగ్గే బాకీపై చెబుతున్నారా అన్నది మరో కీలకాంశం. ఫ్లాట్ పద్ధతిలో 7 శాతం అంటే, రూ.8 లక్షలపై అయిదేళ్లకు వడ్డీ రూ.2.80 లక్షలు. తగ్గే బాకీపై లెక్కిస్తే అది సుమారు పన్నెండున్నర శాతానికి సమానం. పైకి తక్కువగా కనిపించే 7 శాతం, నిజానికి 9 శాతం కన్నా చాలా ఎక్కువ.

ఈ గందరగోళాన్ని నివారించేందుకే వార్షిక నికర ఖర్చు శాతాన్ని, ఇతర చార్జీలను తెలిపే కీలక వివరాల పత్రాన్ని వ్యక్తిగత రుణగ్రహీతలకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన విధించింది. 2024 అక్టోబర్ 1 నుంచి ఇది కొత్త రుణాలకు వర్తిస్తోంది. సంతకానికి ముందే దీన్ని అడిగి తీసుకోవాలి. గడువుకు ముందే రుణం తీరిస్తే పడే రుసుము ఎంతో కూడా తెలుసుకోవాలి.

పాత కారు మార్పిడిలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఎక్స్ఛేంజి బోనస్ ఘనంగా చూపి, పాత కారు విలువను ఆ మేరకు తగ్గించే వీలుంటుంది. పాత కారుకు ముందుగా బయట ధర తెలుసుకుని, ఆ తర్వాతే కొత్త కారు ధర మాట్లాడటం మంచిది.

బుకింగ్ నుంచి డెలివరీ వరకు

బుకింగ్ సొమ్మును డీలరు సంస్థ ఖాతాకే పంపాలి. సేల్స్ ఉద్యోగి వ్యక్తిగత ఖాతాకు పంపితే, తర్వాత వివాదం వచ్చినప్పుడు చెల్లించినట్టు నిరూపించడం కష్టమవుతుంది. బుకింగ్ రద్దు చేసుకుంటే ఎంత తిరిగి వస్తుందో రసీదుపైనే రాయించుకోవాలి. డెలివరీ నాటి ధరే వర్తిస్తుందన్న షరతు బుకింగ్ పత్రాల్లో సాధారణంగా ఉంటుంది. వేచి ఉండే కాలం ఎక్కువైనప్పుడు ధర పెరగవచ్చన్న సంగతి ముందే గమనించాలి.

కారు ఏ నెలలో, ఏ సంవత్సరంలో తయారైందన్నది ముఖ్యం. ఏడాది మారగానే, అంతకుముందు సంవత్సరం తయారైన కారు పునర్విక్రయ విలువ తగ్గుతుంది. అటువంటి కారు కొనకూడదని కాదు. దానికి తగిన తగ్గింపు లభించాలి. కారుకు కేటాయించే 17 అక్షరాంకెల వాహన గుర్తింపు సంఖ్య ద్వారా తయారీ కాలాన్ని తెలుసుకోవచ్చు. టైరు పక్కభాగంపై ఉండే నాలుగంకెల సంఖ్య కూడా కొంత సూచన ఇస్తుంది. 2325 అని ఉంటే ఆ టైరు 2025లో 23వ వారంలో తయారైందని అర్థం.

డెలివరీకి ముందు తనిఖీని రిజిస్ట్రేషన్‌కు ముందే, పగటి వెలుతురులో చేయాలి. రిజిస్ట్రేషన్ జరిగిపోతే లోపమున్న కారును మార్చమని అడగడం చాలా కష్టమవుతుంది. రంగులో తేడాలు, గీతలు, తలుపుల మధ్య సందులు, ఓడోమీటరు అంకె, లైట్లు, ఏసీ, స్పేర్ టైరు, రెండో తాళంచెవి చూడాలి. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బిల్లులోనూ బీమా పత్రంలోనూ ఒకేలా ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి.

వివాదం తలెత్తితే

ఒక వస్తువు కావాలంటే మరొకటి కూడా కొనితీరాలని షరతు పెట్టడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. బీమా లేదా యాక్సెసరీలు తీసుకుంటేనే కారు ఇస్తామన్నప్పుడు ఈ నిబంధన అక్కరకు వస్తుంది. ముందుగా డీలరుకు, తయారీ సంస్థ కస్టమర్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. బీమాకు సంబంధించిన ఫిర్యాదులను బీమా నియంత్రణ సంస్థ నిర్వహించే బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయవచ్చు.

పరిష్కారం లభించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. రూ.50 లక్షల వరకు విలువ చెల్లించిన కొనుగోళ్లు దాని పరిధిలోకి వస్తాయి. కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే, వివాదం తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. అక్కడ నిలిచేవి ధరల పత్రం, బుకింగ్ రసీదు, బిల్లు, ఈమెయిళ్లు. షోరూమ్‌లో నోటిమాటగా విన్న హామీని కమిషన్ ముందు నిరూపించడం అంత తేలిక కాదు.