పొయ్యి వెలగని మిఠాయిలో నిప్పు

క్రిస్మస్ దగ్గరపడేసరికి వంటల శీర్షికల్లో ఒక కొబ్బరి ఉండ తప్పకుండా కనిపిస్తుంది. ఒక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్, మూడొందల గ్రాముల ఎండు కొబ్బరి పొడి, చిటికెడు యాలకుల పొడి కలిపి ఉండలు చుట్టి, పైన మళ్లీ కొబ్బరి పొడి అద్దితే చాలు, తెల్లగా మంచు ముద్దల్లా ఉంటాయి. పొయ్యి అక్కర్లేదు, పాకం చూసుకోవాల్సిన పని లేదు, పిల్లలైనా చేసేయొచ్చు అంటారు. చేసేయొచ్చు, నిజమే. కానీ ఈ మిఠాయికి నిప్పే అక్కర్లేదన్న మాట మాత్రం నిజం కాదు. దాని వంట మన వంటింటికి చేరకముందే, పాల ఫ్యాక్టరీలో కొంత, కొబ్బరి ఫ్యాక్టరీలో కొంత, పూర్తయిపోయింది. ఆ సంగతి తెలియక ఎండు పొడికి బదులు పచ్చి కొబ్బరి కోరి కలిపితే, పేరు అదే అయినా తయారయ్యేది వేరే పదార్థం.

కొబ్బరి లౌజు చేయడం చూసినవారికి ఇది సులువుగానే అర్థమవుతుంది. కోరిన కొబ్బరి, బెల్లం మూకుట్లో వేసి, ముద్ద అంచులు వదిలి దగ్గరపడేదాకా చెయ్యి ఆపకుండా కలుపుతారు. ఆ కలపడమంతా చాలావరకు నీటిని వెళ్లగొట్టడానికే. పచ్చి కొబ్బరి బరువులో దాదాపు సగం నీరే. బజార్లో ప్యాకెట్లలో దొరికే డెసికేటెడ్ కొబ్బరిలో అది 3 శాతం చుట్టూ మాత్రమే ఉంటుంది, ఎందుకంటే వేడిగాలి ఆ పని ముందే చేసేసింది. కండెన్స్‌డ్ మిల్క్ కథా ఇలాంటిదే. పాలను గాలి తీసేసిన పాత్రలో తక్కువ వేడి మీద చిక్కబరిచే పద్ధతికి అమెరికాలో గెయిల్ బోర్డెన్ 1856లో పేటెంట్ పొందాడు. అలా చిక్కబడిన తియ్యటి పాలలో మిగిలే నీరు పావు వంతుకు కాస్త ఎక్కువ. మూకుడు ముందు నిలబడి అరగంట చేసే పనిని ఇక్కడ డబ్బా, ప్యాకెట్ చెరి సగం పంచుకున్నాయి.

పంచదార ఉండనే ఉందిగా, అదే నిలవ ఉంచుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. పంచదార కాపాడే మాట నిజం, అయితే అది ఎంత నీటితో పోరాడుతోందన్నదే అసలు లెక్క. 400 గ్రాముల డబ్బాలో చేర్చిన పంచదార సుమారు 180 గ్రాములు, నీరు 110 గ్రాముల దాకా ఉంటుంది. 300 గ్రాముల ఎండు పొడి కలిపితే నీటికి మరో తొమ్మిది గ్రాములే చేరుతుంది. పైగా ఆ పొడి పాలలోని తడిని పీల్చుకుంటుంది, అందుకే జారుగా ఉన్న ముద్ద కాసేపటికి గట్టిపడుతుంది. అదే 300 గ్రాముల పచ్చి కోరు వేస్తే, ఒక్కసారిగా 140 గ్రాముల నీరు వచ్చి పడుతుంది. నీరు రెట్టింపు దాటుతుంది, పంచదార అంతే ఉంటుంది. ఆ నీటిలో పంచదార వాటా 60 శాతం నుంచి 42 శాతానికి పడిపోతుంది. ఆహారంలోని నీరు సూక్ష్మజీవులకు ఎంతవరకు అందుతుందో చెప్పే కొలతను వాటర్ యాక్టివిటీ అంటారు. స్వచ్ఛమైన నీటికి అది 1. అది 0.85 కు దిగితే రోగకారక బ్యాక్టీరియా పెరగలేదని ఆహార భద్రత నియమాలు లెక్కవేస్తాయి. కండెన్స్‌డ్ మిల్క్ సరిగ్గా ఆ గీత దగ్గర నిలుస్తుంది. పచ్చి కొబ్బరి చేరిన ముద్ద 0.95 దాకా పైకి పోతుంది. ఉండలు చుట్టేది చేతులతో. మనుషుల చర్మం మీద, ముక్కులో మామూలుగానే నివసించే స్టెఫైలోకాకస్ ఆ ముద్దలో హాయిగా పెరుగుతుంది, అది విడిచే విషం తరవాత వేడిచేసినా పోదు.

ఇంకో అభ్యంతరం దీనికి ఎదురు దిశ నుంచి వస్తుంది. అలాగైతే తడి లేకుండా ఉంటే చాలు, ముందే వేడి తగలాలన్న పట్టు దేనికి? ఎండు కొబ్బరి ఎండలో ఎండినా సరిపోతుంది కదా? దీనికి చరిత్రే జవాబు చెప్పింది. 1953లో ఆస్ట్రేలియాలో టైఫాయిడ్, సాల్మొనెల్లా జబ్బులు వ్యాపించినప్పుడు, వాటి మూలం పాపువా నుంచి దిగుమతైన ఎండు కొబ్బరి తురుములో దొరికింది. ఆ తరవాత కొన్నేళ్లకు బ్రిటన్‌కు సిలోన్ నుంచి వచ్చిన తురుములోనూ సాల్మొనెల్లా బయటపడింది. ఎండడం వల్ల సూక్ష్మజీవి పెరగడం ఆగుతుంది, చావదు. కొబ్బరిలోని కొవ్వు మాటున నెలల తరబడి ఓపిక పట్టగలదు. ఎండిపోయాక దాన్ని వేడితో చంపడమూ కష్టమే. అందుకే కొబ్బరిని తడిగా ఉన్నప్పుడే వేడినీళ్లలోనో ఆవిరిలోనో కొంతసేపు ఉంచి, ఆ తరవాతే ఆరబెట్టే పద్ధతి ఫ్యాక్టరీల్లో స్థిరపడింది. పిల్లలు ఉండ చుడుతూ చుడుతూ నోట్లో వేసుకునే పొడి ఇది. అందుకే విడిగా మూటలోంచి తూచి ఇచ్చే పొడి కన్నా తయారీ వివరాలున్న ప్యాకెట్‌నే నేను గట్టిగా కోరుకుంటాను.

డిసెంబరు నడివేసవి అయిన ఆస్ట్రేలియాలోనే ఈ కుటుంబానికి చెందిన ఇంకో మిఠాయి ఉంది, పేరు వైట్ క్రిస్మస్. ఓవెన్ జోలికి పోకుండా మరమరాలు, ఎండు కొబ్బరి, పాలపొడి, పంచదార పొడి, ఎండు పళ్లు కలిపి, పైన కోఫా అనే గట్టిపరిచిన కొబ్బరి నూనెను కరిగించి పోస్తారు. మామూలు కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, ఆ వేసవికి నిలవదు. హైడ్రోజన్ చేర్చిన నూనె ఇంకో పది డిగ్రీల పైచిలుకు తట్టుకుని, నోట్లో వేసుకున్నాకే కరుగుతుంది. ఇందులో తడి దాదాపు లేనే లేదు.

ఇక కోనసీమ లాంటి చోట, చెట్టు నుంచి దించిన కాయ పెరట్లోనే ఉండగా ప్యాకెట్ కొనమనడం అన్యాయమే. పచ్చి కొబ్బరి రుచి ఏ పొడికీ రాదు, ఒప్పుకోవాల్సిందే. ఫ్రిజ్‌లో పెడితే సరిపోదా అంటే, చల్లదనం బ్యాక్టీరియా పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది కాబట్టి ఇంట్లోనే ఒకట్రెండు రోజుల్లో తినేసేవాటికి సరిపోతుంది. కానీ పండగ మిఠాయి ఇంట్లో ఆగదు. పళ్లెంలో పెట్టుకుని ఇరుగుపొరుగు ఇళ్లకు పంచుతారు, అక్కడ బల్ల మీద పూటంతా ఉంటుంది. దానికి దారి మూకుడే. 300 గ్రాముల పచ్చి కోరును సన్నని సెగ మీద, రంగు మారనివ్వకుండా, తూకం 170 గ్రాములకు దిగేదాకా వేయించి చల్లార్చాలి. మొదట్లో వచ్చే ఆవిరే అందులోని సూక్ష్మజీవులను చంపుతుంది, తరవాతి వేడి నీటిని తీసేస్తుంది. అప్పుడు కొబ్బరి తగ్గింది కాబట్టి డబ్బా పాలలో సగానికి కాస్త పైన వాడితే చాలు.