రంగుల ఘనము – వ్రేళ్ల పరుగు

విజయనగరము స్టేషనులో పాసెంజరు బండి యెక్కి శ్రీకాకుళము రోడ్డుకు పోవుచుండగా ఒకనాడు మా యెదుటి బల్లపై ఒక కుర్రవాడు కూర్చుండెను. పదమూడు పదునాలుగేండ్ల వాడు. చేతిలో ఆరు రంగుల ఘనము. చీపురుపల్లి వచ్చులోపల దానిని ఎన్ని మారులు కలిపినాడో, ఎన్ని మారులు సరిచేసినాడో మేము లెక్కింపలేకపోతిమి. ప్రక్కనున్న ముసలమ్మ కొంతసేపు చూచి, "ఏటి బాబూ అది?" అని అడిగినది. "క్యూబు, మామ్మా" అన్నాడు. "కుదిరిపోనాది కదేటి, మళ్లీ ఎందుకు సెరిపేస్తావు?" అన్నది. కుర్రవాడు నవ్వి ఊరకుండెను. ఆ ప్రశ్నకు సమాధానము మేము చెప్పవలెనని అప్పుడే అనుకొంటిమి. ఏలయన ఈ వ్యసనము మాకును కొంత కలదు.

ఈ వస్తువును కల్పించినవాడు హంగేరీ దేశీయుడగు ఎర్నో రూబిక్. బుడాపెస్టు నగరమున వాస్తుశిల్ప విద్యార్థులకు పాఠములు చెప్పుచు 1974లో దీనిని కొయ్యతో చేసెను. ముక్కలు దేనికది తిరుగవలెను, అయినను మొత్తము విడిపోరాదు; ఇది ఎట్లు సాధ్యమన్నదే ఆయన ఆలోచన. ముఖములకు రంగులు వేసి నాలుగు త్రిప్పులు త్రిప్పిన పిదపగాని తాను చేసినది ఒక చిక్కుముడి యని ఆయనకు తెలియలేదు. దానిని మరల సరిచేయుటకు కర్తకే సుమారొక మాసము పట్టినది.

బయటికి కనబడు ముక్కలు ఇరువది యారు. ఆరు నడిమి ముక్కలు తమ చోటు వదలవు. ఏ ముఖము ఏ రంగుదో నిర్ణయించునవి అవియే. అంచు ముక్కలు పండ్రెండు, మూల ముక్కలు ఎనిమిది. ఈ ఇరువదియు తిరుగుటచే కలుగు అమరికలు 4,32,520 కోటి కోట్లు. సెకనుకొక అమరిక చొప్పున చూచుకొనుచు పోయినను అన్నియు ముగియుటకు ఒక లక్షా ముప్పదియేడు వేల కోట్ల సంవత్సరములు పట్టును. శాస్త్రజ్ఞులు చెప్పు విశ్వము వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరములే! అయినను ఏ అమరికనైనను ఇరువది త్రిప్పులకు మించకుండ సరిచేయవచ్చునని 2010లో కంప్యూటర్ల సాయముతో రుజువు చేసిరి. ఆ ఇరువది ఏవో క్షణములో కనిపెట్టుట మానవునికి సాధ్యము కాదు. కనుక ఆటగాండ్రు యాబది, అరువది త్రిప్పుల దారిలో నడుతురు.

ఇచట మా అనుభవమొకటి. మా యింటి క్యూబు ఒకమారు మేడమెట్లపై జారిపడి ముక్కలైనది. పిల్లలు ఏరి, తోచినట్లు కూర్చి తెచ్చిరి. వారము దినములు దానితో పెనుగులాడితిమి; చివర ఒక్క మూల మాత్రము వంకరగానే నిలిచెను. తప్పు మాదే యనుకొని సిగ్గుపడితిమి. పిదప తెలిసినది: విడదీసి ఇష్టమువచ్చినట్లు కూర్చిన క్యూబు పండ్రెండు మారులలో ఒక్కమారు మాత్రమే త్రిప్పుటచే సరియగు స్థితిలో నుండును. తక్కిన పదునొకండు మారులు బ్రహ్మదేవుడు త్రిప్పినను కుదరదు. శ్రోతల యిండ్లలో ఇట్టి క్యూబు ఏదైన నున్నచో పిల్లలను నిందింపక, ముందుగా విప్పి సరిగా కూర్చి చూతురు గాక.

ఇక వేగము మాట. చూచువారు వ్రేళ్ల చురుకుదనమును మెచ్చుకొందురు. అసలు రహస్యము వ్రేళ్లలో లేదు. ఇప్పుడు ఎక్కువమంది వాడు పద్ధతిని 1980 ప్రాంతములలో చెకొస్లొవేకియాలో రూపొందించినవారిలో జెస్సికా ఫ్రిడ్రిక్ ముఖ్యురాలు. మొదట అడుగు ముఖమున నాలుగు అంచులతో ఒక శిలువ ఆకారము. పిదప మూల, అంచు జంటలుగా నాలుగు జతలను దించుట. పిదప మీది అరను ఒక రంగు చేయుట. చివరకు ఆ ముక్కలను తమ చోట్లకు పంపుట. మీది అరకు 57 సందర్భములు, చివరి సర్దుబాటునకు 21 సందర్భములు కలవు; ఒక్కొక్కదానికి ఒక త్రిప్పుల వరుస కంఠస్థము కావలెను. అమరకోశము వల్లెవేసిన దేశమునకు డెబ్బదియెనిమిది వరుసలు బరువు కావు.

వరుస యనగా ఏమో ఒక ఉదాహరణ. కుడి అర పైకి, మీది అర ఎడమకు, కుడి అర క్రిందికి, మీది అర కుడికి: నాలుగు త్రిప్పులు. "త-క-ధి-మి" యని నోట అనుకొనుచు చేసినచో సులభముగా పట్టుబడును. సరిగానున్న క్యూబుపై ఈ తకధిమిని ఆరు మారులు చేసి చూడుడు. నడుమ అంతయు చెదరినట్లు భయపెట్టి, ఆరవ ఆవృత్తమున క్యూబు మరల మొదటి స్థితికి వచ్చును. మాకు ఈ ఆటపై ప్రీతి కలిగినది ఆ క్షణముననే.

ఇప్పుడు చిన్న లెక్క. ఒకడు సెకనుకు ఎనిమిది త్రిప్పులు త్రిప్పగలడు. కాని ఏడు ఘట్టముల నడుమ ఆరు చోట్ల, ఒక్కొక్కచోట ఒకటిన్నర సెకను ఆగి వెదకుకొనును. అరువది త్రిప్పులకు ఏడున్నర సెకన్లు, ఆగుటకు తొమ్మిది, మొత్తము పదునారున్నర. వేరొకడు సెకనుకు నాలుగే త్రిప్పును. కాని ఎచ్చటను ఆగడు. వానికి పదునైదు సెకన్లే. చేయి ఒక జతను దించుచుండగా కన్ను తరువాతి జతను వెదకుచుండవలెను. అందుకు చేయి మెల్లగా పోవలెను. కనుకనే నేర్పరులు సాధనలో సగము కాలము కావలెనని నిదానముగా త్రిప్పుదురు.

ఇది విజయనగరమువారికి క్రొత్త సంగతి కాదు. 1919లో వెలసిన సంగీత కళాశాల వీథిలో నడచినవారెల్లరు విన్నదే: సరళీ స్వరములు మొదటి కాలమున శుద్ధముగా పలికినగాని గురువు రెండవ కాలమునకు పోనీయడు. మూడవ కాలములో తడబడు శిష్యుని మరల మొదటికే పంపును. క్యూబునకు గురువు లేడు, గడియారమే గురువు; తడబాటును అది సెకనులో నూరవ వంతుతో సహా వ్రాసిపెట్టును. మేము నడివయస్సున మొదలిడి, ఒక సంవత్సరము సాధన చేసి నలువదియెనిమిది సెకన్లకు వచ్చితిమి. బండిలోని కుర్రవాడు పదునాలుగులో నున్నాడు. మాకు అసూయ లేదని చెప్పజాలము.

పోటీల ముచ్చట. మొదటి ప్రపంచ పోటీ 1982 జూన్ 5న బుడాపెస్టులో జరిగినది. అమెరికా నుండి వచ్చిన మిన్ థాయ్ 22.95 సెకన్లలో గెలిచెను. పిదప ఇరువది యేండ్లు ఈ ఆట దాదాపు మరుగుపడినది. 2003లో కెనడాలోని టొరాంటోలో మరల ప్రపంచ పోటీ జరిగి, మరుసటి యేడు ప్రపంచ క్యూబు సంఘము ఏర్పడినది. 2023లో మాక్స్ పార్క్ 3.13 సెకన్లలో చేసెను. 2025లో షువాన్యి గెంగ్ అను ఏడేండ్ల చైనా బాలుడు 3.05లో చేసెను. ఈ పోటీలలో వయోభేదము లేదు, స్త్రీపురుష భేదము లేదు. ఏడేండ్లవాడును వాని తాతయు ఒకే పట్టికలో నుందురు.

పోటీ తీరు చూడ ముచ్చటగా నుండును. కంప్యూటరు ఇచ్చిన వరుస ప్రకారము క్యూబును కలిపి, మూతవేసి బల్లపై నుంతురు. మూత తీసిన పిదప చూచుకొనుటకు పదునైదు సెకన్లు. న్యాయనిర్ణేత ఎనిమిదవ సెకనున, పండ్రెండవ సెకనున హెచ్చరించును. ఆటగాడు రెండు చేతులను టైమరుపై నుంచి ఎత్తగానే కాలము మొదలు, ముగించి రెండు చేతులతో తాకగానే నిలుపుదల. ఒక ముఖము నలువదియైదు డిగ్రీలకు మించి వంకరగా మిగిలినచో రెండు సెకన్లు శిక్ష. ఐదు మారులు చేయించి, అన్నిటికన్న మంచిదానిని, అన్నిటికన్న చెడ్డదానిని తీసివేసి తక్కిన మూడింటి సరాసరి కట్టుదురు. అదృష్టమునకును దురదృష్టమునకును సమానముగా తలుపు మూసిన ఈ ఏర్పాటు మాకెంతయు నచ్చినది. తన వంతు ముగించిన ఆటగాడే ఇంకొకని బల్ల వద్ద న్యాయనిర్ణేతగా నిలుచుట మరియొక విశేషము.

సంఘము వారి పోటీ అంశములు పదునేడు. రెండరల క్యూబు మొదలు ఏడరల క్యూబు వరకు, గోపురము వంటిది, పండ్రెండు ముఖములది, ఒంటిచేతి ఆట, ఇట్లు. ఒంటిచేతి ఆటలో తెలుగువాడగు గాదిరాజు కృష్ణంరాజు 2014 అక్టోబరున బెంగుళూరులో ఇరువదినాలుగు గంటలలో 2,176 క్యూబులు సరిచేసి గిన్నిసు గ్రంథమునకెక్కెను. రేయింబవళ్లు నలువది సెకన్లకొక క్యూబు చొప్పున! కాళ్లతో చేయు అంశము కూడ ఉండెడిది, 2019తో దానిని తీసివేసిరి. చేతులతో, కాళ్లతో, శిరస్సుతో అయిదు తాళములను ఒకేసారి చూపిన ఆదిభట్ల నారాయణదాసుగారి ఊరివారమగు మేము ఆ తీసివేతకు కొంచెము చింతించితిమి.

దాసుగారు అవధానములును చేసిరి గదా. కండ్లకు గంతలు కట్టుకొని చేయు క్యూబు మాకు అవధానమునే తలపించును. ఆటగాడు ముక్క ముక్కకు ఒక అక్షరము పెట్టుకొని, అక్షరములను రెండేసి కలిపి మాటలుగా, మాటలను కథగా అల్లి ధారణ చేసి, పిదప కండ్లు మూసికొని కథ చెప్పుకొనుచు త్రిప్పును. 2022లో గ్రాహం సిగ్గిన్స్ అను అమెరికా యువకుడు గంటలోపల 65 క్యూబులను చూచి జ్ఞాపకముంచుకొని, గంతలతో 62 సరిచేసెను. అవధానికి పృచ్ఛకులుందురు, చమత్కారముండును. ఇచట అది లేదు. ధారణ మాత్రము ఒకే జాతిది.

పనిముట్ల విషయము క్లుప్తముగా. పైడితల్లి సిరిమానోత్సవమునాడు బొమ్మల దుకాణములలో దొరకు క్యూబు బిగుసుగా నుండి, వడిగా త్రిప్పిన అతుకును. పోటీ క్యూబులలో మరలు, స్ప్రింగులు బిగువును సవరించుటకు, చిన్న అయస్కాంతములు అర తన చోట నిలుచుటకు అమర్చుదురు. ఒకటి రెండు చుక్కల సిలికాను నూనె వేయుదురు. కొబ్బరినూనె వేయరాదు, మేము వేసి చూచితిమి. మంచి క్యూబే కొన్ని వందల రూపాయలకు వచ్చును. అంతకు మించిన ధర పెట్టినచో వేగము పెరుగునను మాట అమ్మువారిది.

తలిదండ్రులు రెండు విధములుగా పొరపడుదురు. కొందరు ఇది చదువునకు చేటని లాగుకొందురు. కొందరు బిడ్డ మేధావి యని అతిథులముందు నిలువబెట్టి త్రిప్పింతురు. రెండవది మొదటిదానికన్న చెడ్డది. క్యూబు నేర్చినంత మాత్రమున లెక్కలలో మార్కులు రావు. మాక్స్ పార్క్ కు చిన్ననాట ఆటిజము. వ్రేళ్ల కదలికయే కష్టము. ఆ కదలిక కొరకే తలిదండ్రులు క్యూబు నిచ్చిరి. పోటీలకు పోయి తన వంతు వచ్చువరకు నిలుచుట, ఇతరుల గెలుపునకు చప్పట్లు కొట్టుట నేర్చెనని వారు చెప్పుకొనిరి.

మన కుర్రవాండ్రకు కొరతయైనది సాధన కాదు, వేదిక. వీరఘట్టములో కోడి రామమూర్తిని కని, ఆముదాలవలస ప్రాంతమున కరణం మల్లీశ్వరిని తీర్చిదిద్దిన సీమకు సాధన యెవరు నేర్పవలెను? శ్రీకాకుళములోనో విజయనగరములోనో ఒక పోటీ జరుపుటకు కావలసినది మైదానము కాదు. సంఘము ప్రతినిధి యొకడు, కొన్ని టైమరులు, వెలుతురుగల హాలు, వరుసగా బల్లలు, ఓపికగల కొందరు పెద్దలు. కల్యాణమండపములు రెండు పట్టణములలోను కలవు. మూఢములో పెండ్లిండ్లు లేనందున ఊరకే పడియుండును, అద్దె తగ్గించుమని అడుగుటకు మొగమాటము అక్కరలేదు.