దాదా కాలం నాటి సైకిల్: అసలుదా, అతుకులదా? గుర్తుపట్టడం ఎలా, మళ్లీ రోడ్డెక్కించడం ఎలా?

పాత సైకిళ్లకి మళ్లీ గిరాకీ వచ్చింది. నిన్నటిదాకా పెరట్లో తుప్పు పట్టి, ఇనుప సామాన్లవాడికి కిలోల లెక్కన వెళ్లిపోయిన రాలీ, హెర్క్యులిస్, బీఎస్‌ఏ సైకిళ్లని ఇప్పుడు కుర్రాళ్లు వెతుక్కుని మరీ కొంటున్నారు. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ లాంటి చోట్ల, ఫోన్‌లో అమ్మకాల యాప్‌లలో "ఒరిజినల్ లండన్ రాలీ, 1940 మోడల్" అన్న మాట తరచుగా వినబడుతుంది. ఆ ఒక్క మాటతో ధర రెండింతలు, మూడింతలు అవుతుంది. అమ్మేవాడు చెప్పింది నిజమో కాదో తేల్చుకోలేక డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఒకవైపు. ఇంట్లో ఉన్నది విలువైనదని తెలియక ఇనుము ధరకి ఇచ్చేసేవాళ్లు ఇంకోవైపు. రెండూ నష్టమే. కాస్త ఓపికగా చూస్తే సైకిలే తన పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంది.

ముందు పేరు, తర్వాత ఊరు

హ్యాండిల్ కింద ఫ్రేము ముందు భాగంలో రేకు బిళ్ల ఉంటుంది. రాలీ అయితే కొంగ తల బొమ్మ, బీఎస్‌ఏ అయితే ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు. బీఎస్‌ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, మొదట తుపాకులు చేసిన కంపెనీ, అందుకే ఆ గుర్తు. అయితే బిళ్ల చూసి ఇంగ్లండ్ సైకిల్ అని నమ్మేయకూడదు. చాలామంది పొరపడేది ఇక్కడే.

రాలీ ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ ఊరి కంపెనీ. స్వాతంత్ర్యం వచ్చాక అదే పేరుతో బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ ఫ్యాక్టరీ సైకిళ్లు తయారు చేసింది. హెర్క్యులిస్ బర్మింగ్‌హామ్ పేరే, కానీ 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్ దాన్ని మన దేశంలోనే తయారు చేసింది. బీఎస్‌ఏ, ఫిలిప్స్ పేర్లు కూడా తర్వాత టీఐ చేతికే వచ్చాయి. ఇక అట్లాస్ (సోనీపత్, 1951), హీరో (లూధియానా, 1956) మొదటి నుంచీ మన దేశపు పేర్లే. అంటే మన ఊళ్లలో దొరికే "రాలీ"ల్లో, "హెర్క్యులిస్"లలో ఇండియాలో పుట్టినవీ బాగానే ఉంటాయి. అవి తక్కువవని కాదు, గట్టివే. కానీ ఇంగ్లండ్ ధర పెట్టి కొనాల్సిన పని లేదు.

తేల్చుకోవడానికి మూడు చోట్ల చూడాలి. బిళ్ల మీద చిన్న అక్షరాల్లో నాటింగ్‌హామ్ ఇంగ్లండ్ అని ఉందా, ఇండియా అని ఉందా? సీటు రాడ్డు దిగే గొట్టం మీద, పెడళ్ల మధ్య బీబీ గిన్నె అడుగున, ఫ్రేము మీద మిగిలిన స్టిక్కర్ల మీద ఏం రాసి ఉంది? పెడళ్లు, హబ్బులు, బ్రేకు సామాను మీద ఏ దేశం పేరు అచ్చయి ఉంది? బిళ్ల ఎవరైనా మార్చి బిగించవచ్చు. పాతిక సామాన్లనీ వెతికి మార్చడం కష్టం. అన్నీ ఒకే మాట చెబితే నమ్మవచ్చు.

పుట్టిన సంవత్సరం హబ్బు చెబుతుంది

పాత ఇంగ్లీషు సైకిళ్లు కొన్నింటికి వెనక చక్రంలో మూడు గేర్ల హబ్బు ఉంటుంది. స్టర్మీ-ఆర్చర్ అనే కంపెనీది, 1902లో మొదలైంది. దాని ఏడబ్ల్యూ మోడల్ హబ్బుని గుడ్డతో తుడిచి టార్చి వేసి చూస్తే అంకెలు కనిపిస్తాయి. ఉదాహరణకి 58, పక్కన 7 అని ఉంటే 1958 జూలైలో తయారైందని అర్థం.

కానీ ఇది చక్రం వయసు, ఫ్రేము వయసు కాదు. సైకిల్ జీవితంలో చక్రం ఒకసారైనా మారి ఉండవచ్చు. అందుకే హబ్బు చెప్పే సంవత్సరం, ఫ్రేము నంబరు, రంగు, బిళ్ల అన్నీ కలిపి చూసుకోవాలి. కొన్ని మున్సిపాలిటీలు ఒకప్పుడు సైకిల్ పన్ను కట్టించుకుని బిళ్ల ఇచ్చేవి. ఆ బిళ్ల మీద సంవత్సరం ఉండి, ఇంకా సైకిల్‌కే ఉంటే అదీ ఒక సాక్ష్యమే. దాన్ని పీకి పారేయకండి.

అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో ఉన్న మన పిల్లలకి అక్కడి సెకండ్ హ్యాండ్ అమ్మకాల్లో వంపు హ్యాండిల్ రేసు సైకిళ్లు ఎక్కువగా తగులుతాయి. వాటికి షిమానో సామాను ఉంటే క్రాంకు వెనకవైపు రెండు ఇంగ్లీషు అక్షరాలు చూడమనండి. 1976 నుంచి మొదలుపెట్టి ఏ అంటే 1976, బి అంటే 1977, అలా వరసగా మొదటి అక్షరం సంవత్సరం చెబుతుంది. రెండో అక్షరం నెల: ఏ జనవరి, ఎల్ డిసెంబరు. ఫ్రేము మీద రేనాల్డ్స్ 531 అన్న స్టిక్కరు ఉంటే అది మామూలు ఇనుప గొట్టం కాదు, 1935లో వచ్చిన తేలికపాటి మేలు రకం ఉక్కు. ఆ ఫ్రేముకి విలువ ఉంటుంది.

డబ్బు చేతిలో పెట్టేముందు

పాత సైకిల్‌కి తుప్పు సహజం. పైతుప్పు వేరు, లోపలి తుప్పు వేరు. సీటు రాడ్డు బయటికి తీయించి గొట్టంలోకి టార్చి వేయండి. ఫ్రేము అంతా నాణెంతో తట్టి చూడండి, ఒకచోట గట్టిగా మోగి ఇంకోచోట బొద్దుగా వినిపిస్తే అనుమానించాలి. బీబీ గిన్నె చుట్టూ పెయింటు బొబ్బలెక్కి, వేలితో నొక్కితే లోపలికి దిగిపోతుంటే ఆ ఫ్రేము పని అయిపోయినట్టే.

తర్వాత దెబ్బ తగిలిందేమో చూడాలి. ఎదురుగా దేన్నైనా గుద్దిన సైకిల్‌కి ముందు గొట్టం వెనకాల, కింది గొట్టం అడుగున చిన్న ముడత కనిపిస్తుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. ఫోర్కుని పక్కనుంచి చూస్తే వెనక్కి వంగినట్టు ఉంటుంది. ఫ్రేము వంకర తెలుసుకోవడానికి దారం చాలు. వెనక చక్రం బిగించే ఒకవైపు నుంచి మొదలుపెట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపుకి లాగి కట్టండి. సీటు గొట్టానికి రెండు వైపులా దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవండి. రెండూ సమానంగా ఉంటే మంచిది. కొద్ది తేడాని తెలిసిన ఉస్తాద్ సరిచేయగలడు. పగులు, ముడత ఉన్న ఫ్రేముని మాత్రం గోడకి అలంకారంగా పెట్టుకోవాలి తప్ప పిల్లల చేతికి ఇవ్వకూడదు.

నంబరు గీకేసి ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండీ కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. అమ్మినవారి పేరు, ఫోన్ నంబరు, ఫ్రేము నంబరు రాసి సంతకం తీసుకున్న చిన్న కాగితం ముక్క రేపు మిమ్మల్ని కాపాడుతుంది.

ఇక లెక్క. అడిగిన ధర ఒక్కటే ధర కాదు. రెండు టైర్లు, రెండు ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు, గుండ్లు, కాటర్ పిన్నులు, ఓవరాయిలింగ్ కూలీ, చక్రాల బెండు తీసే కూలీ అన్నీ కాగితం మీద రాసి మీ ఊరి షాపులో ధరలు కనుక్కోండి. ఆ మొత్తానికి అడిగిన ధర కలిపితే వచ్చేదే అసలు ధర. ఆ డబ్బుకి కొత్త సైకిల్ వస్తుందనుకుంటే, పాతదాని మీద మీకున్న ప్రేమకి ఎంత కడుతున్నారో అప్పుడు తెలుస్తుంది. కట్టకూడదని కాదు, తెలిసి కట్టాలి.

సైజు తెలియక కొంటే టైరు దొరకదు

షాపులో 22, 24 అంటే సాధారణంగా ఫ్రేము ఎత్తు. చక్రం కొలత వేరు. మన పాత నల్ల సైకిళ్లది 28 బై 1½, రిమ్ము మీద టైరు కూర్చునే చోట 635 మిల్లీమీటర్లు. ఈ టైర్లు మన దేశంలో ఇప్పటికీ తయారవుతున్నాయి, దిగులు లేదు. ఇంగ్లీషు స్పోర్ట్స్ మోడళ్లకి 26 బై 1⅜ (590 మిల్లీమీటర్లు), పాత రేసు సైకిళ్లకి 27 బై 1¼ (630), తర్వాత వచ్చినవాటికి 700సి (622) ఉంటాయి. 630కి, 635కి తేడా 5 మిల్లీమీటర్లే అయినా ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. పాత టైరు పక్కన రాసిన అంకెని ఫోటో తీసుకుని షాపుకి వెళ్లడం మంచిది.

మరలకీ ఇదే గొడవ. మామూలు ఇంగ్లీషు సైకిల్ బీబీ కప్పుకి అంగుళానికి 24 చుట్లు ఉంటే, నాటింగ్‌హామ్ రాలీ సొంతంగా 26 చుట్లు పెట్టుకుంది. చూడ్డానికి రెండూ ఒకటే. బలవంతంగా తిప్పితే ఫ్రేము మర చెడిపోతుంది. అందుకని రాలీ కప్పులు బాగుంటే మార్చకుండా అవే శుభ్రం చేసి వాడుకోవాలి.

విప్పే పద్ధతి

ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. బ్రేకు రాడ్లు ఏది ఎటు వెళ్తుందో తర్వాత గుర్తుండదు. ప్రతి మరకీ పట్టు వదిలించే నూనె వేసి ఒక రోజు వదిలేయండి. తొందరపడి సుత్తి తీస్తే పాత నట్టు విరుగుతుంది. ఎడమ పెడలు, కుడివైపు బీబీ కప్పు రెండూ ఉల్టా మరలు. ఇది తెలియక బిగించే వైపే బలంగా తిప్పి పాడుచేసిన సైకిళ్లు చాలా ఉన్నాయి.

క్రాంకుకి ఉండే కాటర్ పిన్ను అసలు పరీక్ష. నట్టు పూర్తిగా తీయకుండా పిన్ను కొసదాకా వదులు చేసి, క్రాంకు కింద గట్టి ఇనుప గొట్టం ఆసరా పెట్టి, ఒకే గట్టి దెబ్బ కొట్టాలి. ఆసరా లేకుండా కొడితే దెబ్బంతా గుండ్ల మీద పడుతుంది. కొత్త పిన్ను వేసేటప్పుడు సమంగా అరగదీసి, రెండు క్రాంకులూ ఒకే గీతలో ఉండేలా కూర్చోబెట్టి, సుత్తితో దించి ఆ తర్వాత నట్టు బిగించాలి. కొన్ని కిలోమీటర్లు తొక్కాక మళ్లీ ఒకసారి బిగించాలి. ఈ రెండో బిగింపు మరిచిపోతే పెడలు ఊగి పిన్ను తినేస్తుంది.

గుండ్లు తీసేటప్పుడు ఒక్కో చోట ఎన్నున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. బీబీలో సాధారణంగా పావు అంగుళం గుండ్లు వైపుకి 11. పాతవి మళ్లీ వేయకండి, కొత్తవి ఖరీదు కాదు. కప్పులు, కోన్లు డీజిల్‌తో కడిగి చూస్తే నున్నగా ఉండాలి. గుంటలు పడితే మార్చాలి. కొత్త గ్రీజు పెట్టి బిగించాక చక్రం చేతితో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పక్కకి మాత్రం ఊగకూడదు.

చైనుకి స్కేలు పెట్టండి. 12 అంగుళాల దగ్గర పిన్ను సరిగ్గా రావాలి. పావులో సగం అంగుళం దాటితే చైను సాగిపోయింది, మార్చాల్సిందే.

మూడు గేర్ల హబ్బుని అనుభవం లేకుండా విప్పవద్దు. మూత తీసి పల్చటి నూనె కొద్దిగా పోసి నాలుగు రోజులు నడిపితే చాలావరకు దారికి వస్తుంది. గేరు మధ్యలో పెట్టి, కుడి నట్టు కిటికీలోంచి చూస్తే లోపలి రాడ్డు కొస యాక్సిల్ కొసతో సమానంగా కనిపించాలి. ఈ సర్దుబాటు తప్పితే రెండో గేరుకి, మూడో గేరుకి మధ్య పెడలు ఒక్కసారిగా జారిపోతుంది. నిలబడి తొక్కేవాడు కింద పడతాడు.

రంగు వేయాలా?

వీలైతే వద్దు. పాత రంగు, బంగారు గీతలు, స్టిక్కర్లు ఉంటేనే సైకిల్‌కి విలువ. సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, పల్చగా నూనె గుడ్డతో తుడిస్తే నల్ల రంగు మళ్లీ మెరుస్తుంది. క్రోము మీద తుప్పుకి వంటింటి అల్యూమినియం రేకుని నీళ్లతో తడిపి రుద్దితే చాలు. చిన్న నట్లు, బోల్టులు రాత్రంతా వెనిగర్‌లో వేసి, పొద్దున్నే కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె రాయండి. పాత పెయింటులో సీసం ఉండవచ్చు కాబట్టి గీకాల్సి వస్తే తడిపి గీకాలి, మాస్కు పెట్టుకోవాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి.

తొక్కే ముందు

ముందు, వెనక రెండు బ్రేకులూ పనిచేయాలి. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకు వెనక్కి ఊపండి, హ్యాండిల్ దగ్గర టక్కుమంటే అక్కడ వదులుంది. ఇనుప రిమ్ముల సైకిల్ వానలో ఆలస్యంగా ఆగుతుంది. కొత్త రబ్బర్లు వేసినా ఇది పూర్తిగా పోదు. కొత్త సైకిల్ అలవాటుతో పిల్లలు ఆఖరి క్షణంలో బ్రేకు పడితే ప్రమాదం, ఈ మాట ముందే చెప్పాలి.

ఇంట్లో దాదాదో, నానాదో సైకిల్ అయితే విప్పేముందు, అమ్మేముందు చాచాలని, ఫూఫీలని అడగండి. అది వారసులందరిదీ. ఎవరికి ఏ జ్ఞాపకం ఉందో మనకి తెలియదు. బాగుచేసి అమ్మేవాళ్లు మార్చిన సామాను ఏదో, ఇండియాదో ఇంగ్లండ్‌దో, ఫ్రేముకి ఐబు ఉందో లేదో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఐబు దాచి అమ్మిన డబ్బులో బర్కత్ ఉండదని మన ఇళ్లలో పెద్దలు చెబుతూనే ఉంటారు. కొన్నవాడి పిల్లాడు రేపు దాని మీదే బడికి వెళ్తాడు.