ఎండాకాలం చెమ్మ అబద్ధం చెప్పదు

మే నెలలో, చుక్క వాన లేని రోజుల్లో, పడకగది గోడ మీద అరచేయంత చెమ్మ మరక కనిపించిందంటే అది మన ఇంటి నీళ్ల పనే. పైపు కారుతోంది, లేదా పక్క బాత్రూం నేల కారుతోంది, లేదా ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయింది. అదే మరక ఆగస్టులో కనిపిస్తే స్లాబుదా, బయటి గోడదా, పైపుదా తేల్చడానికే నాకు సగం రోజు పడుతుంది. ఒక్కోసారి పగలగొట్టిన చోట ఏమీ దొరకదు.

హైదరాబాదులో పైపుల పని చేస్తాను. ఇన్నేళ్లలో జనం అలవాటు మారలేదు. తొలి వాన పడ్డ మర్నాడు కారే స్లాబుల కోసం నా ఫోను ఆగకుండా మోగుతుంది. మళ్లీ చలి మొదలవగానే గీజర్ల కోసం మోగుతుంది. ఈ రెండు పనులూ ఏప్రిల్, మే నెలల్లో చేయించుకోవాల్సినవి. అప్పుడు స్లాబు ఎండి ఉంటుంది, గీజరుతో పని ఉండదు, నీళ్లు తక్కువ కాబట్టి ట్యాంకు ఖాళీ చేయడమూ తేలిక. ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

ముందు గోడ సంగతి చెబుతాను. మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేయండి. తర్వాత రెండు రోజులు ఆ గోడకు ఆనుకున్న బాత్రూం వాడకండి. మరక ఆరుతూ వచ్చిందంటే స్నానం నీళ్లు పలకల సందుల్లోంచో, కిందికి పోయే డ్రైనేజీ పైపు చుట్టూనో దిగుతున్నట్టు. ఆరకుండా అలాగే ఉన్నా, గీత దాటి పెరిగినా, ఏసీ గొట్టం బాగానే ఉంటే, గోడలో ఉన్న నీళ్ల లైనే కారుతున్నట్టు. ట్యాంకు నుంచి వచ్చే లైనులో రాత్రీ పగలూ నీళ్ల ఒత్తిడి ఉంటుంది, అందుకే ఆ కారడం ఆగదు. మొదటి రకానికి చాలాసార్లు పలకల సందులు గీకి కొత్త గ్రౌటు నింపితే సరిపోతుంది. రెండో రకానికి గోడ తెరవక తప్పదు. అయినా తెరిచే ముందు టెస్టింగ్ పంపు తెప్పించమని మేస్త్రీని అడగండి. లైనులో ఒత్తిడి ఎక్కించి ముల్లు పడిపోతుందా లేదా చూస్తే వేడినీళ్ల లైనా, చన్నీళ్ల లైనా అన్నది తేలిపోతుంది. మొన్న ఒక ఇంటావిడ "అన్నా, స్లాబు పగిలింది, పైన పూత వేయించాలట" అని అప్పుడే బేరం కూడా కుదుర్చుకుని నన్ను పిలిచింది. గీత గీయించాను. వాన లేదు, మరక మాత్రం గీత దాటింది. గీజరు నుంచి షవరుకు వెళ్లే లైనులో ఒక ఎల్బో చీలి ఉంది. అక్కడ వేడినీళ్లకు మామూలు తెల్ల పీవీసీ పైపు వేశారు. వేడినీళ్ల లైనుకు సీపీవీసీ వేయాలి. పీవీసీ వేడికి మెత్తబడి అతుకుల దగ్గర జారుతుంది. కొత్త ఇల్లు కట్టేవాళ్లు ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

కంటికి కనపడని కారుడు ఇంకొకటి ఉంది, ఫ్లష్ ట్యాంకు. బట్టలకు వేసే నీలం నాలుగు చుక్కలు దాని మూత తీసి అందులో వేయండి. అరగంట ఎవరూ ఫ్లష్ నొక్కకూడదు. కమోడులోకి నీలం దిగితే లోపలి వాషరు అరిగిపోయినట్టే. అది చాలా చిన్న ఖర్చుతో మారుతుంది. ట్యాపు కారుతుంటే కింద లీటరు సీసా పెట్టి గడియారం చూడండి. గంటకో సీసా నిండితే రోజుకు 24 లీటర్లు, నెలకు 720 లీటర్లు పోతున్నట్టు. హైదరాబాదులో 2021 నుంచి ఇళ్లకు నెలకు 20 కిలోలీటర్ల దాకా నీళ్లు ఉచితంగా ఇస్తున్నారు. ఉచితం కదా అని కారే ట్యాపును వదిలేసినవాళ్లు అదే మే నెలలో ట్యాంకరు కోసం వీధిలో నిలబడటం చూస్తే నాకు బాధేస్తుంది.

గీజరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ప్రాణాల మీదకు తెచ్చేది అదే. నవంబరులో స్విచ్చి వేసి, ఫిబ్రవరిలో ఆపేసి, మళ్లీ నవంబరు దాకా దాని వైపు చూడరు. మా దగ్గర బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజరు విప్పితే లోపల ఏముంటుందో ఒక్కసారి చూడాలి. నీళ్లను కాచే ఎలిమెంటు మీద బూడిదరంగు సున్నపు పెచ్చులు వేలి మందాన పేరుకుని ఉంటాయి. ట్యాంకు అడుగున అవే పెచ్చులు రాలి, కంకరలా గలగలమంటాయి. ఎలిమెంటు వేడి ఆ పెచ్చును దాటి నీళ్లకు చేరాలి. అందుకే నీళ్లు కాగడానికి ముందుకంటే ఎక్కువసేపు పడుతుంది, కరెంటు మీటరు తిరుగుతుంది, చివరికి ఎలిమెంటు కాలిపోతుంది. దాని పక్కనే మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా ముందుగా తాను కరిగిపోవడమే దాని పని. కొత్తదాంట్లో బొటనవేలంత లావుంటుంది. పట్టించుకోని గీజర్లో నేను బయటికి తీసేసరికి ఉత్త తీగ మిగులుతుంది. అది పూర్తిగా కరిగాక తుప్పు ట్యాంకును తినడం మొదలుపెడుతుంది. ఒకసారి ట్యాంకు చిల్లి పడితే దానికి మరమ్మతు లేదు.

కాబట్టి ఈ ఎండల్లోనే విప్పించండి. పెచ్చులు తీయించి, కడ్డీ చూపించుకుని, సగానికి మించి కరిగి ఉంటే మార్పించండి. పని మొదలుపెట్టే ముందు గీజరు స్విచ్చి ఒక్కటే కాదు, ఎంసీబీ కూడా దించాలి. మళ్లీ వాడే రోజున వేడినీళ్ల ట్యాపు తిప్పి నీళ్లు ధారగా వచ్చాకే స్విచ్చి వేయాలి. ఖాళీ ట్యాంకులో స్విచ్చి వేస్తే ఎలిమెంటు నిలవదు.

గీజరు కింద చిన్న ఇత్తడి వాల్వు ఉంటుంది, దాన్నుంచి అప్పుడప్పుడు నీటిచుక్కలు పడతాయి. అది సేఫ్టీ వాల్వు. లోపల ఒత్తిడి పెరిగితే దాన్ని బయటికి వదిలేది అదే. బాత్రూం తడుస్తోందని కొందరు దానికి బిరడా బిగిస్తారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయొద్దు. థర్మోస్టాట్ పాడైన రోజున నీళ్లు కాగుతూనే ఉంటాయి, ఆవిరి పోయే దారి ఉండదు, గీజరు పేలుతుంది. చుక్కలు ఇబ్బందిగా ఉంటే ఆ వాల్వుకు సన్న గొట్టం తొడిగి జాలీ దాకా దించుకోండి. చుక్కలు ధారగా మారితే మాత్రం వెంటనే కరెంటు ఆపి మనిషిని పిలవాలి.

ఇక మేడ మీది నీళ్ల ట్యాంకు. అడుగున ఒండ్రు ఉండగా పైన ఎన్ని మందులు పోసినా లాభం లేదు. ఖాళీ చేసి, గోడలు బ్రష్షుతో రుద్ది, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు గోడలకు పట్టించి అరగంట వదిలి కడిగేయండి. దీనికి ట్యాంకు నిండా నీళ్లు పారబోయక్కర్లేదు, రెండు బకెట్లు చాలు. మళ్లీ నింపాక 1000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ సరిపోతుంది. అంటే చిన్న చెంచాకు కాస్త తక్కువ. దాన్ని నేరుగా చల్లకుండా మగ్గు నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పై తేట మాత్రమే పోయాలి. గంట తర్వాత వాడుకోవచ్చు. డబ్బా తెరిస్తే ఘాటు వాసన రాని పౌడరు పాతబడినట్టు, అది పనిచేయదు. బ్లీచింగూ, బాత్రూం కడిగే యాసిడూ ఒకే బకెట్లో, ఒకే నేల మీద ఎప్పుడూ కలపకండి. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాసు. తలుపు మూసిన బాత్రూంలో అది మనిషిని పడేస్తుంది.

మేడ మీద ఎండకు పడి ఉన్న పైపుల సంగతి చాలామందికి పట్టదు. ఎండ తగిలీ తగిలీ పీవీసీ పైపు సుద్దలా తెల్లబడి పెళుసెక్కుతుంది. ఓ రోజు పిల్లాడి బంతి తగిలినా చాలు, ఫట్టున విరుగుతుంది. పైపులకు తెల్ల రంగు వేయించండి, వీలైతే ఫోము తొడుగు వేయించండి. తొడుగు వేస్తే ఇంకో మేలు కూడా ఉంది. మధ్యాహ్నం చన్నీళ్ల ట్యాపు తిప్పగానే కాగిన నీళ్లు రావు. తొడుగు లేని ఇళ్లలో చంటిపిల్లలకు కడిగేటప్పుడు మొదటి నీళ్లు బకెట్లోకి వదిలి, చేయి పెట్టి చూసి అప్పుడు వాడండి.

స్లాబు పగుళ్లు పూడ్చి తెల్ల పూత వేయడానికీ ఇదే అదను. నాచూ దుమ్మూ గీకి, కడిగి, పూర్తిగా ఆరాక పూయాలి. నడి ఎండలో పూస్తే పూత లోపల తడి ఆరకముందే పైపొర బిగిసి పొక్కులు లేస్తాయి. తెల్లవారుజామునో, పొద్దు వాలాకో చేయమనండి. పనివాళ్లకూ అదే మంచిది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కానీ, ఖరీదైన పూతే వేయాలని లేదు. సున్నం రెండు కోట్లు వేసినా పైగది వేడిలో తేడా తెలుస్తుంది. మా నాయన ఊళ్లో ఏటా ఉగాది ముందు మిద్దెకు సున్నం కొట్టించేవాడు.

బోరు మోటారు గురించి ఒకే మాట. ధార మధ్యలో గాలి కొడుతుంటే వెంటనే ఆపండి. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే, అవి లేకుండా తిరిగితే వైండింగు కాలుతుంది. బోరును కొన్ని గంటలు ఊరనిచ్చి మళ్లీ వేయాలి. నీళ్లు లేకపోతే తనంతట తానే మోటారును ఆపే డ్రై రన్ పరికరం స్టార్టర్‌కు పెట్టించుకుంటే ఇంకా మంచిది. కూలర్ల విషయానికొస్తే, హైదరాబాదు పొడి ఎండకు అవి బాగా పనిచేస్తాయి, మచిలీపట్నం ఉక్కకు పనిచేయవు. అక్కడ గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి నీళ్లు సరిగా ఆవిరి కావు. ఎక్కడైనా సరే వారానికోసారి కూలరు ఖాళీ చేసి ఆరబెట్టాలి, లేదంటే అందులోనే డెంగ్యూ దోమ పెరుగుతుంది. ప్లగ్గుకు మూడు పిన్నులూ ఉండాలి, ఎర్తింగు పనిచేయాలి. నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు పీకేయాలి.

సెలవులకు ఊరెళ్లేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. ట్యాంకు నుంచి ఇంట్లోకి వచ్చే వాల్వు కట్టేయండి. వాష్‌బేసిన్ కింద జల్లెడలా అల్లిన కనెక్షన్ పైపు తుప్పు పట్టి తెగిందంటే ట్యాంకు మొత్తం మీ హాల్లోకి వస్తుంది. కింది ఫ్లాటు వాళ్ల సీలింగు కూడా పోతుంది. తిరిగొచ్చేసరికి ఇల్లంతా మురుగు వాసన, బొద్దింకలు అని చాలామంది ఫోను చేస్తారు. జాలీ కింద ట్రాప్‌లో నిలిచే కాసిని నీళ్లే మురుగు వాసనను ఆపేది. ఎండకు అవి ఆరిపోతే దారి తెరుచుకున్నట్టే. బయల్దేరే ముందు ప్రతి జాలీలో మగ్గెడు నీళ్లు పోసి, పైన చెంచాడు కొబ్బరినూనె వేయండి. నూనె తెట్టు నీళ్లను ఆరనివ్వదు. మేడ మీద గాజు గొట్టాల సోలార్ హీటరు ఉంటే గొట్టాల మీద గుడ్డ కప్పి వెళ్లండి. నీళ్లు లేక ఎండలో కాలిన గొట్టాల్లోకి మిట్టమధ్యాహ్నం చన్నీళ్లు వదిలితే అవి పగులుతాయి. రాత్రి చల్లబడ్డాక నింపాలి.

వాన రాకముందు మిగిలేవి రెండు. మేడ మీది వాననీటి గొట్టం మూతి దగ్గర ఎండుటాకులు, గాలిపటాల దారాలు తీసేయండి. ఇంకుడు గుంత పైన పేరుకున్న మట్టి ఎత్తేసి, ఇసుకా కంకరా కడిగి వేయండి. 100 చదరపు మీటర్ల మేడ మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 1000 లీటర్లు. మూసుకుపోయిన గుంత ముందు నుంచి ఆ నీళ్లు రోడ్డు మీదకు పోతాయి.

సంపూ, సెప్టిక్ ట్యాంకూ శుభ్రం చేయించేదీ ఈ నెలల్లోనే. మనుషులు చనిపోయేదీ అక్కడే. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం. లోపలి విషవాయువు ఒక్కోసారి వాసన కూడా తెలియనివ్వదు. మొదటి మనిషి పడిపోతే రక్షించబోయిన రెండో మనిషీ పడిపోతాడు. సెప్టిక్ ట్యాంకుకు యంత్రం ఉన్న బండినే పిలవండి. నీళ్ల సంపైనా చాలాకాలం మూసి ఉంటే మూత తీసి గంటలకొద్దీ గాలి ఆడనివ్వండి, పైన ఇంకో మనిషి నిలబడకుండా ఎవరినీ దింపకండి. "ఐదు నిమిషాల పనే కదా తమ్ముడూ, దిగు" అని ఏ ఇంటాయన అన్నా దిగొద్దని నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మొదటిరోజే చెబుతాను. ఆ మాట వాళ్లతో అనకుండా మీరూ ఉండండి.