మీకు తెలుసా? ట్యాంకు నిండినా ముల్లు లేవకపోతే తప్పు మీటరుదే కానక్కర్లేదు

కొల్లేట్లో గుర్రపుడెక్క కమ్మిన చోట ఇంధనం అయిపోయి ఇంజిను పడవ ఆగితే, తెడ్డు వేసి ఒడ్డుకు చేరడం చాలా కష్టం. అందుకే ముల్లు తప్పు చూపిన రోజే కారణం వెతకాలి.

ట్యాంకులో ఇంధన మట్టాన్ని మీటరుకు తెలిపే సెండరుకు కాడ చివర ఒక తేలే బెండు ఉంటుంది. ఇంధనంతోపాటు అది దిగుతూ విద్యుత్ నిరోధాన్ని మారుస్తుంది. అమెరికా పద్ధతిలో ఖాళీ ట్యాంకుకు 240 ఓంలు, నిండు ట్యాంకుకు 33. యూరప్ పద్ధతిలో ఖాళీకి 10, నిండుకు 180. ఒక పద్ధతి మీటరుకు మరో పద్ధతి సెండరు బిగిస్తే ముల్లు తలకిందులుగా తిరుగుతుంది!

అమెరికా పద్ధతి మీటరును పరీక్షించడం తేలిక. దాని వెనక సెండరు వైరు (చాలా పడవల్లో గులాబీ రంగు) ఊడదీసి తాళం తిప్పితే ముల్లు ఖాళీ దగ్గర ఉండాలి. తాళం ఆపి, ఆ టెర్మినల్‌ను ఎర్తుకు కలిపి మళ్లీ తిప్పితే నిండు దాకా లేవాలి. లేచిందంటే మీటరు మంచిదే. ఇక ఎర్తు వైరు, సెండరు వైరు, సెండరు వరసగా చూడాలి. నా అనుమానం ముందు ఎర్తు మీదే. ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎగదన్నే చోట రాగి కొసలకు పచ్చటి చిలుము త్వరగా పడుతుంది. గీకి శుభ్రం చేస్తే చాలాసార్లు ముల్లు తిరిగి కదులుతుంది. బెండుకు చిల్లుపడి మునిగితే మాత్రం ట్యాంకు నిండినా మీటరు ఖాళీ అనే చూపుతుంది.

పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, పడవ అడుగున పేరుకుంటుంది. మూతలు తెరిచి బాగా గాలి ఆడనిచ్చాకే వైర్లు ముట్టుకోండి. ట్యాంకు దగ్గర నిప్పురవ్వ పుట్టే పనేదీ వద్దు.