ఫిట్స్ మందు: మొదటి 8 వారాల లెక్క

2011 జనగణనలో హైదరాబాద్ శివారు జవహర్‌నగర్ జనాభా 48 వేల పైచిలుకు. వెయ్యి మందిలో 4 నుంచి 10 మంది మూర్ఛ (ఫిట్స్)తో బాధపడుతుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కన అప్పటికే ఇక్కడ 190 నుంచి 480 మంది ఉండి ఉండాలి. ఇక్కడి డంపింగ్ యార్డు చుట్టూ ఆ తర్వాత ఎన్ని కాలనీలు లేచాయో చూస్తున్నదే.

ఫిట్స్ మాత్ర వేసుకుంటే మగత రావడం, తల తిరగడం అందరికీ తెలిసినవే. అరుదుగా వచ్చేవాటితోనే చిక్కు. వెయ్యి మందిలో ఒకరికంటే తక్కువ మందికి వచ్చేదాన్ని వైద్యశాస్త్రం 'అరుదు' అంటుంది.

ముందుగా కార్బమజెపిన్. పాశ్చాత్య దేశాల్లో ఈ మందు కొత్తగా మొదలుపెట్టిన 10 వేల మందిలో 1 నుంచి 6 మందికి చర్మం బొబ్బలెక్కి ఊడిపోయే జబ్బు వస్తుంది. కొన్ని ఆసియా దేశాల్లో ఇది దాదాపు 10 రెట్లు ఎక్కువ. దీనికి ఒక జన్యు రకంతో సంబంధం ఉందని 2004లో తైవాన్ పరిశోధకులు తేల్చారు. మన దేశంలో 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఇలా జబ్బుపడిన 8 మందిలో ఆరుగురికి అదే జన్యు రకం ఉంది. ఎనిమిది చిన్న సంఖ్యే, కొట్టిపారేసేది మాత్రం కాదు. జన్యు పరీక్ష చేశాకే మందు రాయడం మన దగ్గర అన్నిచోట్లా జరగదు. కాబట్టి క్యాలెండరే దిక్కు: ఇలాంటి కేసుల్లో 90 శాతానికి పైగా మొదటి కొన్ని నెలల్లోనే బయటపడతాయి.

ఈ జబ్బు మొదలయ్యేది ఇలా: జ్వరం, నోట్లో పుండ్లు, ఎర్రబడ్డ కళ్లు, ఒంటిమీద దద్దుర్లు. ఇంట్లోవాళ్లు 'వేడి చేసింది' అని మజ్జిగ తాగిస్తారు, లేదా 'అమ్మవారు పోసింది' అని వేపాకు పరుస్తారు. అలా పోయిన రెండు మూడు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి. చర్మం 30 శాతానికి మించి ఊడితే 10 మందిలో సుమారు ముగ్గురు బతకరు. ఈ లక్షణాలు కనిపిస్తే తర్వాతి మాత్ర వేసుకోకముందే, మందు షీటు చేత్తో పట్టుకుని గాంధీ ఆస్పత్రికో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెళ్లాలి.

లామోట్రిజిన్‌తో తీవ్రమైన దద్దుర్లు ఎక్కువగా 2 నుంచి 8 వారాల మధ్య వస్తాయి. వాల్‌ప్రోయేట్ కూడా వాడుతుంటే రక్తంలో లామోట్రిజిన్ స్థాయి రెట్టింపుకు పైగా పెరుగుతుంది. అందుకే పెద్దవాళ్లకు రోజు విడిచి రోజు 25 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. పండక్కి ఊరెళ్లి వారం రోజులు మానేసి, వచ్చాక పాత డోసు ఒక్కసారిగా వేసుకోవడం ఈ మందు విషయంలో ప్రమాదం. డాక్టర్‌ని అడిగి మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాల్సిందే.

టోపిరమేట్, జోనిసమైడ్‌లతో కొందరు పిల్లలకు చెమట పట్టదు. మే నెలలో రేకుల ఇంట్లో పిల్లాడి ఒళ్లు కాలిపోతూ, పొడిగా ఉంటే పారాసిటమాల్‌తో ఆ వేడి దిగదు. నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

లెవెటిరాసిటమ్ సంగతి వేరు. ప్రయోగాల్లో పెద్దవాళ్లలో 13 శాతం మందిలో, పిల్లల్లో అంతకు మించి, కోపం, చిరాకు లాంటి ప్రవర్తన మార్పులు వచ్చాయి. అరుదేమీ కాదు. కానీ ఆ కోపానికి దెబ్బలు తినేది పిల్లాడు, మాత్రను ఎవరూ అనుమానించరు.

ఇవన్నీ చదివి సొంతంగా మందు మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చే ముప్పుంది. దద్దుర్లు వచ్చినా, ఆపడమా మార్చడమా అన్నది డాక్టర్ అదే రోజు తేల్చాలి. దుష్ప్రభావాన్ని రోగులు కూడా ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1800-180-3024 నంబరుకు ఉచితంగా చెప్పొచ్చు. పడని మందు పేరు ప్రతి చీటీ మీదా రాయించుకోండి. కార్బమజెపిన్ పడనివాళ్లలో 25 నుంచి 30 శాతం మందికి దాని తోబుట్టువు ఆక్స్‌కార్బజెపిన్ కూడా పడదు.