వేలికొసన వెలుగునీడలు

నల్లగొండ పట్టణానికి చేరువనే ఉన్న పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం కలదు. కందూరు చోడుల కాలంలో, అనగా క్రీ.శ. 11, 12 శతాబ్దాలలో కట్టిన గుడి అది. సూర్యుడు తూర్పునుండి పడమరకు సాగిపోతున్నా, గర్భాలయంలో లింగం వెనుక గోడపై ఒక స్తంభపు నీడ పగలంతా ఒకేచోట నిలిచి ఉంటుంది. ఎండ నేరుగా లోపలికి రాదు. ఆవరణలో పడి చెదరిన వెలుతురు మాత్రమే స్తంభాల సందులనుండి వస్తుంది. కనుకనే నీడ కదలదు.

అక్కడ నీడ కదలకపోవడం విశేషం. కదిలే నీడను లెక్కగట్టి మనిషి ఆరోగ్యాన్ని తెలిపే చిన్న పరికరం ఒకటి నేడు ఇళ్లలోకి వచ్చింది. అదే వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు. 2020-21 కోవిడ్ కాలంలో ఇది పల్లెలకు కూడా పరిచయమైంది. వయసు మళ్ళినవారిని ఇంటివద్దనే కనిపెట్టి ఉండే సాధనాలలో ఇది ముఖ్యమైనది.

చీకటిగదిలో టార్చిలైటుకు వేలు ఆనించి చూస్తే, వేలు ఎర్రగా కనబడుతుంది. ఎరుపుకాంతి శరీరంగుండా కొంతవరకు చొచ్చుకొని పోగలదన్నమాట. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆమ్లజనిని, అనగా ఆక్సిజన్‌ను, మోసే బండి వంటిది. ఆమ్లజనితో నిండిన హీమోగ్లోబిన్ ఎరుపుకాంతిని తక్కువగాను, కంటికి కనబడని పరారుణకాంతిని ఎక్కువగాను పీల్చుకొంటుంది. ఖాళీగా ఉన్నది ఇందుకు విరుద్ధంగా ప్రవర్తిస్తుంది. ఆక్సీమీటరులోని రెండు చిన్న దీపాలు సుమారు 660, 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాలుగల ఈ రెండు కాంతులను మార్చిమార్చి వేలిలోనికి పంపుతాయి. అవతలివైపు ఎంత కాంతి చేరినదో మరొక భాగం కొలుస్తుంది.

అయితే చర్మం, ఎముక, గోరు కూడా కాంతిని అడ్డగిస్తాయి గదా! రక్తం వంతును వేరుచేయడం ఎట్లా? గుండె కొట్టుకొన్నప్పుడల్లా ధమనులలో రక్తం కొంచెం పొంగుతుంది. అవతల చేరే వెలుతురు ఆ మేరకు తగ్గుతుంది. ఎముక, చర్మం మాత్రం మారవు. కనుక మారుతున్న భాగాన్నే లెక్కలోకి తీసుకొంటే చాలు. ఈ ఉపాయాన్ని జపాను ఇంజనీరు టకువో అవోయాగి 1974లో ప్రకటించాడు. ఆరోగ్యవంతులలో ఈ కొలత సాధారణంగా 95 నుండి 100 శాతం వరకు ఉంటుంది.

ఈ అంకెకు హద్దులున్నాయి. ఉన్న బండ్లు ఏ మేరకు నిండాయో ఇది చెబుతుంది. బండ్లు ఎన్ని ఉన్నాయో చెప్పదు. రక్తహీనత గలవారికి కూడా 98 చూపవచ్చు. చల్లబడిన వేళ్లు, గోళ్లరంగు, చేతివణుకు కొలతను తప్పించగలవు. నల్లని చర్మం గలవారిలో ఆమ్లజని నిజానికి తగ్గినా పరికరం పట్టుకోలేకపోవడం, తెల్లవారిలో కంటె దాదాపు మూడురెట్లు ఎక్కువని 2020లో అమెరికాలో వెలువడిన పరిశోధన ఒకటి చూపింది. కనుక ఒక్కనాటి అంకె కంటె ఆ మనిషికి రోజూ ఉండే అంకె ముఖ్యం. నిత్యం 97 ఉండే తాతకు 92కు దిగితే వైద్యునికి చెప్పవలసిందే.

వృద్ధులకు మరో పెద్ద ప్రమాదం పడిపోవడం. ఫ్లోరైడు నీరు ఏళ్లతరబడి తాగిన నల్లగొండ జిల్లా వృద్ధులు అనేకులకు వెన్ను, కీళ్లు బిగుసుకొనిపోయాయి. వారికి తూలినప్పుడు నిలదొక్కుకోవడం కష్టం. పాలమూరు పల్లెలలో పిల్లలు పనులకై వలసపోగా ముసలివారే ఇళ్లు కాస్తుంటారు. రాత్రివేళ పెరట్లో పడిన అవ్వ తెల్లవారేదాకా లేవలేకపోతే, ఒంటిలో నీరు తగ్గుతుంది; ఒరిగిన వైపు కండరాలు నలిగి చెడతాయి. పడటం ఒక ఆపద, పడి ఉండటం మరొకటి.

కొన్ని చేతిగడియారాలలో దీనికొక సాధనం ఉన్నది. సన్నని సిలికాన్ స్ప్రింగులపై నిలిచిన అతి చిన్న ముద్ద అందులో ఉంటుంది. నిలకడగా ఉన్నప్పుడు అది భూమ్యాకర్షణ బలాన్ని పూర్తిగా చూపుతుంది. మనిషి పడుతున్నప్పుడు ఆ విలువ తగ్గుతుంది. నేల తాకగానే ఒక్కసారి పెరుగుతుంది. పిమ్మట కదలిక ఆగుతుంది. ఈ మూడూ వరుసగా జరిగితే గడియారం టెలిఫోనుద్వారా బంధువులకు వార్త పంపుతుంది. మెల్లగా గోడవెంట జారిపడితే మాత్రం గుర్తించకపోవచ్చు.

వార్త అందగానే పరుగెత్తి రాగల మనిషి లేకపోతే పరికరం నిష్ప్రయోజనం. కొడుకు హైదరాబాదులో ఉంటే, పొరుగింటివారి నంబరు కూడా అందులో చేర్చాలి. అత్యవసరమైతే 108కి పిలవాలి. ఏమేమి కొలుస్తున్నారో, ఆ వివరాలు ఎవరికి చేరుతున్నాయో ముందుగా వృద్ధులకే చెప్పి, వారి సమ్మతి పొందాలి. పాఠశాలలో కాంతిని, గురుత్వాన్ని చదివే విద్యార్థులు ఇంటివద్ద అవ్వతాతలకు ఈ సంగతులు విడమరచి చెబితే, ఆ పాఠం సార్థకమవుతుంది.